రంగు డబ్బాలో కషాయం

మా ఆవిడకు నా గుండె మీద నమ్మకం ఎప్పుడూ లేదు. పెళ్లయిన కొత్తలో అది రాయి అనేది, ఇప్పుడు గాజు అంటోంది. రాయైనా గాజైనా మోస్తున్నది నేను కదా, దాని సంగతి నన్ను కూడా ఒక మాట అడగవే అంటే వినిపించుకోదు. అడగాల్సినవాళ్లనందర్నీ ఫోనులో అడిగేసింది. అందులో మొదటి మనిషి వాళ్లక్క.

మొదటినుంచీ చెప్తాను. నేను వడ్రంగిని. కింద పని షెడ్డు, పైన ఇల్లు, మధ్యలో ఒక మలుపు తిరిగే చెక్క మెట్లు. ఆ మెట్లు నేను చేసినవే, ఒక్కటి కూడా కిర్రుమనదు. నేను బిగించిన తలుపు నేలకు రాసుకుంటోందని ఇంతవరకు ఎవడూ నా గుమ్మం తొక్కలేదు. అలాంటివాణ్ని ఒకరోజు పొద్దున్నే స్నానాల గదిలో మొహం కడుక్కుంటూ కుప్పకూలిపోయాను. పడ్డవాణ్ని పక్కకు పడ్డానా అంటే అదీ లేదు, సరిగ్గా తలుపుకు అడ్డంగా పడ్డాను. స్నానాల గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఎక్కడైనా అంతే, మా వృత్తిలో అది మామూలు. మా ఆవిడ బయటనుంచి ఎంత తోసినా నా ఒళ్లే దానికి అడ్డం. చివరికి మా తమ్ముడు కిందినుంచి గునపం పట్టుకొచ్చి, తలుపు చీల్చి, నన్ను బయటికి లాగాడు. అప్పట్నుంచి ఆ గుమ్మానికి పాత దుప్పటి ఒకటి వేలాడుతోంది. వడ్రంగి ఇంట్లో గుడ్డ తలుపు. వచ్చినవాళ్లు చూసి మూతి తిప్పుకుని నవ్వుకుంటారు.

డాక్టరమ్మ చిన్న పిల్ల, కడుపుతో ఉంది, ఏడో నెలో ఎనిమిదో. నా గుండె లయ తప్పి కొట్టుకుంటోందని చెప్పింది. అలా కొట్టుకునే గుండెలో రక్తం గడ్డకట్టొచ్చట, ఆ గడ్డ తలకెక్కితే మనిషి మంచాన పడతాడట. అందుకని రక్తాన్ని పలచబరిచే మాత్ర రాసింది.

"ఈ మాత్ర వేసుకున్నంతకాలం జాగ్రత్తగా ఉండాలి. గాయమైతే రక్తం ఓ పట్టాన ఆగదు. రక్త పరీక్ష వరసగా రెండుసార్లు సరిగ్గా వచ్చేదాకా మీరు ఉలి, రంపం ముట్టుకోకూడదు," అంది.

"మరి నేనేం చెయ్యాలమ్మా?"

"విశ్రాంతి తీసుకోండి." తర్వాత మా ఆవిడ వైపు తిరిగింది. "ఇంకో మాట. పసరు, పొడి, కషాయం, ఏదైనా సరే, నన్ను అడక్కుండా పెట్టకండి."

మా ఆవిడ బుద్ధిమంతురాల్లా తల ఊపింది. ఆ ఊపు నాకు బాగా తెలుసు. నేను సిగరెట్లు మానేస్తానని తనకు మాటిచ్చినప్పుడు నేనూ అలాగే ఊపాను.

వచ్చేటప్పుడు గది తలుపు తియ్యబోతే అది నేలకు గీసుకుంటూ కీచుమంది. ఎవడో చేతకానివాడు బిగించాడు. కింద అంచు కాస్త చిత్రిక పడితే చాలు, పావుగంట పని. ప్రతి రోగీ దాన్ని భుజంతో నెట్టుకుంటూ లోపలికి వస్తున్నాడు, గుండె జబ్బులవాళ్లు! నా చేతులు దురద పెట్టాయి.

ఇంట్లో కూర్చోవడం నాకు నరకం. కింద మా తమ్ముడు చిత్రిక పడుతుంటే ఆ చప్పుడు పైకి వినిపిస్తుంది. చెక్క పొరకు ఎదురుగా పడుతున్నాడని చప్పుడులోనే తెలిసిపోతుంది. కిటికీలోంచి కేకేస్తాను, "ఒరేయ్, తిప్పి పట్టు!" అని. వాడు తిప్పుతాడు. మళ్లీ మరిచిపోతాడు. నా బతుకంతా చేతుల్లో ఉంది, ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోమంటే గుండె ఆగకపోయినా ఆగేలా ఉంది. పరీక్ష సరిగ్గా రావాలి, నేను కిందికి దిగాలి. నాకు ఇంకే కోరికా లేదు.

ఇక్కడ మా వదిన ప్రవేశించింది. వదిన అంటే మా ఆవిడ అక్క. ఆమె ఫోను చేస్తే ఫోను అక్కర్లేదు, గొంతు మెట్లదాకా వినిపిస్తుంది. గుండెకు మందులేవో డాక్టరమ్మ ఇస్తుంది సరే, బలం ఎవరిస్తారే అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు కూడా ఆవిడ దగ్గరే ఉంది. పరగడుపున పచ్చి వెల్లుల్లి రెబ్బలు. టీకి బదులు ఎర్ర మందార రేకులు నానబెట్టిన నీళ్లు. భోజనానికి ముందు అవిసె గింజల పొడి. సాయంత్రం తెల్లమద్ది బెరడు కషాయం, అదీ గ్లాసు నిండా.

"డాక్టరమ్మ అడగమంది కదే," అన్నాను.

"మందులైతే అడగాలి. ఇవి ఆకులూ అలములూ. ఆకులూ అలములకు డాక్టర్ని అడుగుతారా ఎవరైనా?"

మందార నీళ్లకు నాకేం అభ్యంతరం లేదు, పుల్లగా బాగానే ఉన్నాయి. అవిసె పొడి నోట్లో రంపపు పొట్టు పోసినట్టుంటుంది, నాకది అలవాటే. మిగతా రెండింటితోనే చావొచ్చింది. పచ్చి వెల్లుల్లి నమిలితే పొద్దున్నుంచి సాయంత్రందాకా నా పక్కకు నేనే రాలేకపోయేవాణ్ని. ఇక ఆ మద్ది కషాయం, నాలుక మీద పడగానే నోరంతా దగ్గరకు ముడుచుకుపోతుంది. తెల్లమద్ది నాకు తెలియని చెక్క ఏమీ కాదు, ఎన్నో ఏళ్లు కోశాను, చెక్కాను, బిగించాను. తాగాల్సి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

అరిచి లాభం లేదని నాకు తెలుసు. అందుకని పెద్దమనిషిలా ఒప్పుకున్నాను. "మెట్ల మలుపు దగ్గర గాలి బావుంటుంది, అక్కడ కూర్చుని తాగుతాలే," అన్నాను. మా ఆవిడ మురిసిపోయింది.

మెట్ల మలుపులో కిటికీ ఉంది. కిటికీ కింద క్రోటన్ మొక్కల కుండీలు ఉన్నాయి. కిటికీ గూట్లో చెక్కలకు వేసే రంగు కలుపుకునే పాత డబ్బా ఉంది. ఇంతకంటే ఏం కావాలి? వెల్లుల్లి రెబ్బను బొటనవేలితో మట్టిలోకి నొక్కి, పైన మట్టి సర్ది, దవడలు ఆడిస్తూ ఇంట్లోకి వెళ్లేవాణ్ని. కషాయం డబ్బాలో పోసి, మూతి తుడుచుకుంటూ, మొహం వికారంగా పెట్టి గ్లాసు తిరిగిచ్చేవాణ్ని. ఆ వికారం పెట్టడంలో నేను మంచి పనితనం చూపించానని చెప్పుకోవాలి.

"పాపం, ఎంత చేదుగా ఉందో," అని మా ఆవిడ బెల్లం ముక్క చేతిలో పెట్టేది. బెల్లం మాత్రం తినేవాణ్ని.

ఇంతలో మా తమ్ముడు టీ కొట్టు కోసం బల్లలు చేశాడు. రంగు వెయ్యడానికి గూట్లో డబ్బా తీసుకుని చూస్తే సగానికి పైగా ఉంది. అన్నయ్య ముందుచూపుతో కలిపి పెట్టాడనుకున్నాడు. వేశాడు. ఆ బల్లలు ఆరాక చూడాలి, ముదురు టీ రంగులో, లోపల్నుంచి వెలుగు వస్తున్నట్టు మెరుస్తున్నాయి. మద్ది బెరడుకు ఆ గుణం ఉందని తెలుసు కానీ ఇంత బాగా పడుతుందని నేనూ అనుకోలేదు. టీ కొట్టాయన చేత్తో నిమిరి నిమిరి చూసి, కుర్చీలు కూడా ఇదే రంగులో కావాలన్నాడు.

తమ్ముడు పైకి పరిగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, ఇది ఏ కంపెనీ రంగు?"

"మెల్లిగా! మీ వదిన వింటుంది."

"వింటే ఏం?"

"అది నా గుండెకు వేసే రంగు రా," అని వాడి చెవిలో సంగతి చెప్పాను. వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్ల మీదే కూలబడి నవ్వాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం వాడే గుర్తు చేసేవాడు, "అన్నయ్యా, కషాయం టైమైంది," అని. అన్న ఆరోగ్యం మీద అంత శ్రద్ధ ఉన్న తమ్ముణ్ని చూసి మా ఆవిడ కళ్లు చెమర్చాయి.

గుట్టు ఎలా రట్టయిందో నాకు అప్పుడు తెలియలేదు. మా ఆవిడ ఒక మధ్యాహ్నం షెడ్డులోకి దిగిందట. కుర్చీల రంగు చూసిందట. వంగి వాసన చూసిందట. తను రోజూ సాయంత్రం గిన్నె దగ్గర నిలబడి పీల్చే వాసన అది. అక్కడ్నుంచి నేరుగా కుండీల దగ్గరికి వెళ్లి మట్టి గోకి చూసిందట. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం పైకి వచ్చి, బియ్యం ఏరుకుంటూ తాపీగా అంది:

"పోనీ లెండి. మీకంత ఇబ్బందిగా ఉంటే వెల్లుల్లి, కషాయం మానేయండి. బలవంతం ఎందుకు?"

నేను అక్కడే అనుమానించాల్సింది. మా ఆవిడ ఒక వాదన సగంలో వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు. కానీ గెలిచిన మగాడికి కళ్లు కనిపిస్తాయా? మీసం మెలేసుకుని తిరిగాను. ఆ వారం రొట్టెలు కాస్త ముదురు రంగులో, పంటికింద గరుగ్గా వచ్చాయి. "పొట్టు తియ్యని పిండి, ఒంటికి మంచిది," అంది. కూరలన్నీ వెల్లుల్లి వాసనే. "ఈసారి వెల్లుల్లి చవగ్గా దొరికింది," అంది. మందార నీళ్లలో అల్లం ఘాటు తగిలింది. "జలుబు చెయ్యకుండా," అంది. ప్రతిదానికీ జవాబు ఉంది. నేను అన్నీ శుభ్రంగా తిన్నాను.

పరీక్షకు వెళ్లాం. డాక్టరమ్మ కాగితం చూసి నుదురు చిట్లించింది.

"రక్తం మరీ పలచబడిందే. మాత్ర రెండుసార్లు వేసుకుంటున్నారా?"

"నాకు మతిమరుపు లేదమ్మా," అన్నాను పౌరుషంగా.

మాత్ర తగ్గించింది. మళ్లీ వెళ్లాం. తగ్గాల్సింది తగ్గలేదు, రక్తం ఇంకాస్త పలచబడింది. ఇంకొంచెం తగ్గించింది. ఈలోగా పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి రక్తం వచ్చింది. మంచం కోడు తగిలిన చోట ముంజేతి మీద నల్లటి మచ్చ లేచి, రోజురోజుకీ పెద్దదైంది. మూడోసారి డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట మీద చేతులు పెట్టుకుని నన్ను చాలాసేపు చూసింది.

"నాకు అర్థం కావట్లేదు. మాత్ర ఇంకా తగ్గిస్తే గడ్డకట్టే భయం, తగ్గించకపోతే లోపల ఎక్కడైనా రక్తం కారే భయం. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పడుకోబెట్టి చూడాలి. పని సంగతి ఇక మర్చిపోండి. ఈ ఒంటితో ఉలి పట్టుకోవడం కుదరదు."

మర్చిపోవాలట. ఇంకేం మిగులుతుంది నా దగ్గర?

"ఇంకేమైనా తీసుకుంటున్నారా? నిజం చెప్పండి."

ఇక దాచడం అనవసరం అనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను, మా ఆవిడ ఎదురుగానే. "పెట్టిందమ్మా, వెల్లుల్లి, మద్ది కషాయం. కానీ మొదటి రెండు రోజులు తప్ప నేను ఒక్క రెబ్బా మింగలేదు, ఒక్క చుక్కా తాగలేదు. కావాలంటే మా కుండీలు చూసుకోండి, క్రోటన్ల మధ్య వెల్లుల్లి తోట లేచింది. కషాయం కుర్చీలు తాగాయి. అది కూడా మానేసి చాలా రోజులైంది."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. నేను మాత్రం మా ఆవిడ వైపు చూశాను, ఇక పిడుగు పడుతుందని. పడలేదు. తను నేలకు గీసుకునే ఆ తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

దెబ్బలాడాల్సిన చోట మా ఆవిడ దెబ్బలాడకపోయేసరికి నాకు పరీక్ష కాగితం చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

ఆసుపత్రి గడువు దగ్గరపడింది. వెళ్లాల్సిన రోజుకు ముందురోజు మధ్యాహ్నం తమ్ముడు షెడ్డులో పలకల మీద గుర్రుపెడుతుంటే, మా ఆవిడ స్నానానికి వెళ్లిన సమయం చూసి, నేను పిల్లిలా కిందికి దిగాను. ఒక్కసారి నా పనిముట్లు చూసుకుందామని, అంతే. ముట్టుకోకూడదు కానీ చూడకూడదని చెప్పలేదు కదా.

షెడ్డు మూలలో ఒక తెల్లమద్ది మొద్దు ఉంది. ఏళ్ల క్రితం కొని, ఆరబెట్టి, మంచి పని ఏదైనా వస్తే తీద్దామని ఉంచాను. బయటికి కనిపించే వైపు అలాగే ఉంది. గోడ వైపు తొంగి చూస్తే గుండె ఆగినంత పనైంది. బెరడు లేదు. కిందినుంచి పైదాకా ఒలిచేసి ఉంది.

వంగి చూశాను. ఉలి గాట్లు. ఉలి ఎవరు కొట్టారో గాట్లే చెప్తాయి. నేను కొట్టినా, తమ్ముడు కొట్టినా గాటు ఒక వైపుకు వాలుతుంది. ఇవి రెండో వైపుకు వాలి ఉన్నాయి. ఎడమచేతి గాట్లు. ఈ ఇంట్లో ఎడమచేతి వాటం ఉన్నది ఒక్కరికే. రొట్టె ఒత్తినా, చీపురు పట్టినా, నా చెవి మెలేసినా ఎడమ చేత్తోనే.

పక్కనే పనిముట్ల పెట్టె. నా మంచి ఉలి, నేను తమ్ముడికి కూడా ఇవ్వని ఉలి, తీసి చూశాను. అంచు మధ్యలో పెచ్చు ఎగిరి చిన్న నెర్రె. అరికాలి మంట నెత్తికెక్కింది. నిజం చెప్పాలంటే మొదట నాకు కోపం వచ్చింది ఆ నెర్రెకే. నా రక్తం సంగతి తర్వాత గుర్తొచ్చింది.

కింద రాలిన బెరడు పొడి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. నోరు ముడుచుకుంది. ఆ గరుకు, ఆ వగరు. పొద్దున తిన్న రొట్టె. పొట్టు తియ్యని పిండి!

మొద్దు మీద కూర్చుని ఆలోచించాను. పైకి వెళ్లి అరవొచ్చు. అరిస్తే ఏం చేస్తుంది? అక్క చెప్పిందంటుంది, లేదా ఏడుస్తుంది. తర్వాత ఇంకోదాంట్లో కలుపుతుంది. ఒప్పుకోవాలంటే డాక్టరమ్మ ముందే ఒప్పుకోవాలి, అదీ తన నోటితో. అందుకు ఉపాయం తోచాక నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రాత్రికి పళ్లనొప్పి అని చెప్పి పాలు తాగి పడుకున్నాను.

మర్నాడు ఎప్పట్లాగే మా ఆవిడ డబ్బాలో రొట్టెలు సర్దింది. డాక్టరమ్మ దగ్గర మా వంతు వచ్చేసరికి భోజనాల వేళ దాటుతుంది కనక ఎప్పుడూ తీసుకెళ్తాం. ఆ రోజు మాదే చివరి వంతు. తలుపు భుజంతో నెట్టుకుని లోపలికి వెళ్తే, డాక్టరమ్మ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటోంది.

"ఒక్క నిమిషం. ఆకలి చంపేస్తోంది, లోపలున్నవాడు తంతున్నాడు," అంది.

నేను వెతికిన సందు అదే. డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను. "మా ఆవిడ చేతి రొట్టె తినమ్మా. మెత్తగా ఉంటుంది."

"అయ్యో, మీకు?"

"నాకు పళ్లనొప్పి."

ఆ పిల్ల నిజంగానే ఆకలితో ఉంది. మొహమాటపడకుండా తుంచింది. నేను కుర్చీ అంచుకు జరిగి, అవసరమైతే లాక్కోవడానికి చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాను. అవసరం రాలేదు. మా ఆవిడ ఎడమ చెయ్యి గాల్లోకి లేచింది. రొట్టె ముక్క ఎగిరి రక్తపోటు చూసే మిషను మీద పడింది.

"వద్దు! కడుపుతో ఉన్నదానివి, తినకమ్మా!"

డబ్బాను కూడా తన ఒళ్లోకి లాక్కుంది.

"రొట్టె తింటే ఏమవుతుందమ్మా?" డాక్టరమ్మ మెల్లిగా అడిగింది.

మా ఆవిడ నన్ను చూసింది. నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగలా ఉంది తన మొహం. "అందులో మద్ది చెక్క పొడి ఉంది," అంది. "వెల్లుల్లి ఎండబెట్టి కొట్టింది కూడా. శొంఠి. అవిసె గింజలు."

"ఆకులూ అలములే కదా," అన్నాను నేను.

డాక్టరమ్మ నన్ను కళ్లతోనే నోరు మూసుకోమంది. తర్వాత మా ఆవిడతో అంది, "నాకు పెట్టడానికి భయపడ్డారు. మరి ఆయనకు పెట్టడానికి ఎందుకు భయం వెయ్యలేదు?"

"భయం వెయ్యబట్టేగా పెట్టింది!"

మా ఆవిడ గొంతు అలా వినడం నాకదే మొదలు.

"మీరు చూళ్లేదమ్మా. తలుపు అవతల ఈయన పడి ఉన్నాడు. ఇవతల నేను. తోస్తున్నాను, రావట్లేదు. ఆ సందులోంచి ఈయన వేళ్లు కనిపిస్తున్నాయి. పిలుస్తున్నాను, పలకట్లేదు. నా చేతిలో ఏమీ లేదు. మాత్ర మీరిచ్చారు. పరీక్ష మిషను చేసింది. తలుపు మరిది పగలగొట్టాడు. నేనేం చేశాను? అన్నం వండి పెట్టడం ఒక్కటే నాకు చేతనవును. అందుకే అందులో కలిపాను."

నేను వేసిన ఎత్తు పారింది. గెలిచాను. కానీ మీసం మెలేసుకోవాలనిపించలేదు. నేను పడ్డప్పుడు నాకు ఒళ్లు తెలీదు, ఆ కొద్దిసేపు నాకు నిద్ర లాంటిది. ఆ కొద్దిసేపూ మెలకువగా ఉన్నది తనే. ఆ సంగతి ఒక్క రోజు కూడా నేను తనను అడగలేదు.

డాక్టరమ్మ లేచి వచ్చి, మా ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వీటిలో ఏది ఆ మాత్రతో ఎంత కలబడుతుందో నాకూ కచ్చితంగా తెలీదమ్మా. వెల్లుల్లి, అల్లం, ఈ బెరడు, ఇలా పొడులుగా ఎక్కువగా తింటే రక్తం ఇంకా పలచబడొచ్చు. మీరు కలుపుతున్నారని తెలీక నేను మాత్ర తగ్గించుకుంటూ వచ్చాను. రేపు మీరు ఊరెళ్లి, నాలుగు రోజులు ఈ రొట్టె లేదనుకోండి. తగ్గించిన మాత్ర సరిపోదు, గడ్డ కడుతుంది. అప్పుడు ఆయన మళ్లీ పడతారు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కూరలో మామూలుగా వేసుకునే వెల్లుల్లి వేసుకోండి. ఈ పొడులూ కషాయం ఆపేయండి. మందార నీళ్లు కూడా నేను చెప్పేదాకా వద్దు. ఇంక మాత్రలు ఆయన చేతికి ఇవ్వను, మీకే ఇస్తాను. రోజూ మీరే వెయ్యాలి. మీ ఆయన వేసుకున్నానంటే నమ్మకండి, మింగేదాకా చూడండి. కుండీల్లో తోటలు వేసే మనిషి."

"నాలుక ఎత్తించి మరీ చూస్తాను," అంది మా ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

ఇంటి గుమ్మంలో నేను ఆగలేకపోయాను. "ఉలి అంచు విరగ్గొట్టావు," అన్నాను. "మీరు నా కషాయం కుర్చీలకు పోశారు," అంది. అక్కడితో లెక్క సరిపోయింది.

ఆపేసిన పొడులు ఒంట్లోంచి దిగడానికి కొన్నాళ్లు పట్టింది. మా ఆవిడ రోజూ మాత్ర నాలుక మీద పెట్టి, నీళ్లు తాగించి, నోరు తెరవమని, టార్చి వేసి చూసేది. వదినకు ఫోను చేసి తనే చెప్పింది, "అక్కా, నీ మద్ది చెక్క గుండెకు పనికొస్తుందో లేదో కానీ, కుర్చీలకు మాత్రం దివ్యంగా ఉంది," అని. టీ కొట్టాయనకు మిగతా కుర్చీలు చెయ్యాలి, రంగు అయిపోయింది. అందుకని కషాయం మళ్లీ కాగింది. మా తమ్ముడు పొయ్యి దగ్గరికొచ్చి, "ఇంకాస్త చిక్కగా కాచు వదినా," అని పురమాయించేవాడు. నేను గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి, "ఒక్క గుక్క," అని అడిగేవాణ్ని, ఏడిపించడానికి. గరిటెతో తరిమేది.

పరీక్ష ఒకసారి సరిగ్గా వచ్చింది. రెండోసారీ వచ్చింది. డాక్టరమ్మకు అప్పటికి నెలలు నిండాయి, రేపో మాపో సెలవు పెట్టేలా ఉంది.

"ఉలి పట్టుకోవచ్చు. తొడుగులు వేసుకుని, మెల్లిగా," అంది. "నా గది తలుపు మీద మీ కన్నుందని నాకు తెలుసు. ముందు అదేనా?"

"మీది రెండోదమ్మా," అన్నాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డులోకి దిగి, ఉలి నూరాను. నెర్రె పోయేదాకా నూరాను. తర్వాత ఆ తెల్లమద్ది మొద్దును తమ్ముడి చేత పలకలుగా కోయించాను. మంచి పని వస్తే తీద్దామనుకున్న మొద్దే కదా. చిత్రిక నేను పట్టాను, పొర వాటాన. తలుపుగా బిగించి, మా ఆవిడ కాచిన రంగే వేశాను. తలుపు పైకి మోసుకెళ్లి, దుప్పటి పీకేసి, గుమ్మానికి ఎత్తిపెట్టాం. నేను మడతబందులు బిగించబోతుంటే తమ్ముడు ఆపాడు.

"అన్నయ్యా, తిరగేశావు. ఇది బయటికి తెరుచుకుంటుంది."

"తెలుసు."

"స్నానాల గది తలుపు ఎవరైనా బయటికి పెడతారా? వచ్చేపోయేవాళ్ల మూతికి తగులుతుంది."

"తగలనీ."

పిడి కూడా మామూలుగా పెట్టే వైపు పెట్టలేదు. ఎడమ చేత్తో లాగేవాళ్లకు అందే వైపు పెట్టాను. లోపలి గడియకు బయటనుంచి తిప్పే మర పెట్టాను. తమ్ముడు ఒకసారి తలుపును చూసి, ఒకసారి వంటింట్లో ఉన్న మా ఆవిడను చూసి, మర మేకులు అందించాడు.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. రంగు చూసింది, వాసన చూసింది. నన్ను లోపలికి వెళ్లి గడియ పెట్టుకోమంది. వెళ్లి పెట్టుకున్నాను. తలుపుకు ఆనుకుని, నా బరువంతా దాని మీద వేసి నిలబడ్డాను. బయట మర తిరిగింది. ఎడమ చేత్తో ఒక్క లాగు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది, నేను తూలి నేరుగా తన మీద పడ్డాను.

పట్టుకుంది. వదలకుండా పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత నన్ను నిలబెట్టి, తలుపును ఒకసారి వేసి, ఒకసారి తీసి చూసి, ముక్కు ఎగబీల్చింది.

"సరే," అంది. "ఇక మీరు పడితే పడండి."